సినిమా డిస్కులకు గేమ్ కన్సోల్ సరిపోతుందా, వేరే ప్లేయర్ కొనాలా?

మీ ఇంట్లో 4కె టీవీ, డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఒక సౌండ్‌బార్ ఉన్నాయని, ఏళ్లుగా కూడబెట్టిన డీవీడీలు, బ్లూరేలతో పాటు ఈ మధ్య కొన్న కొన్ని 4కె డిస్కులు కూడా ఉన్నాయని రాశారు. కన్సోల్‌లో సినిమా వేసినప్పుడు కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో బొమ్మ అదురుతోందని, రాత్రి దృశ్యాల్లో నలుపు బూడిద రంగుగా కనిపిస్తోందని, మాటలు సన్నగా వినిపిస్తుంటే పేలుళ్లు మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉన్నాయని చెప్పి, విడిగా ఒక 4కె బ్లూరే ప్లేయర్ కొనడం మంచిదా అని అడిగారు. ఇప్పుడే కొనవద్దు. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఏదీ డిస్క్ డ్రైవ్ లోపం వల్ల వచ్చింది కాదు. మూడూ చాలావరకు సెట్టింగుల వల్ల వచ్చినవే. ఆ సెట్టింగులు మార్చకుండా కొత్త ప్లేయర్ తెచ్చి అదే టీవీకి, అదే సౌండ్‌బార్‌కు అదే తీరులో కలిపితే, వీటిలో కనీసం ఒకటి కొత్త ప్లేయర్‌తో పాటే మీ ఇంటికి వస్తుంది.

ఇళ్లలో హోమ్ థియేటర్లు అమర్చే పనిలో చాలా కాలంగా ఉన్నాను. ఈ ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతుంది. ప్రతిసారీ చూసేది ఒకటే: కన్సోల్‌ను, టీవీని గేముల కోసం సర్దిపెట్టి ఉంటారు, వాటి మీదే సినిమా వేస్తారు. గేముకు కావలసినవి సెకనుకు 60 లేదా 120 ఫ్రేములు, బటన్ నొక్కిన వెంటనే తెరమీద కదలిక, పెంచిన వెలుగు. సినిమాకు కావలసినవి 24 ఫ్రేములు, నింపాదిగా పనిచేసే టీవీ, డిస్కులో ఎలా ఉందో అలాగే బయటకు వచ్చే బొమ్మ, శబ్దం. ఒకే పెట్టె ఈ రెండు పనులూ చేయగలదు కానీ, మీరు చెప్పనిదే ఒకదాన్నుంచి మరొకదానికి పూర్తిగా మారదు.

కన్సోల్‌లో సినిమా చూడడం చాటుమాటు ఉపాయమేమీ కాదు. 2000లో జపాన్‌లో ప్లేస్టేషన్ 2 వచ్చినప్పుడు దాన్ని డీవీడీ ప్లేయర్‌గా కొన్నవారు చాలామంది ఉన్నారు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3, ఆనాటి విడి బ్లూరే ప్లేయర్లలో చాలావాటికంటే చవకగా దొరికేది. ఆ కన్సోళ్లు లక్షల ఇళ్లలోకి చేరడం బ్లూరేకు పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీ మీద బ్లూరే గెలవడానికి ఒక ముఖ్య కారణం; 2008 ఫిబ్రవరిలో హెచ్‌డీ డీవీడీని నడిపిన తోషిబా ఆ పోటీ నుంచి తప్పుకుంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవ్‌ను విడిగా అమ్మింది, ఆ డ్రైవ్ ఆ పోటీతోనే ముగిసిపోయింది. తర్వాత ఎక్స్‌బాక్స్ వన్‌లో బ్లూరే, 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌లో 4కె బ్లూరే వచ్చాయి. అదే ఏడాది వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రో 4కె గేములకని అమ్ముడైనా, 4కె డిస్కులను మాత్రం చదవలేదు. 4కె అని ప్రచారం చేశారు కదా అని దాన్ని పాతసరుకులో కొని నిరాశపడేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కె డిస్కులు ఆడతాయి. సిరీస్ ఎస్‌కు డ్రైవే లేదు. నింటెండో కన్సోళ్లను ఈ లెక్కలోకి తీసుకోనక్కరలేదు. వీ, వీ యూ, స్విచ్ వంటివి సినిమా డిస్కులు ఆడవు.

ఇక బొమ్మ నాణ్యత సంగతి. డీవీడీ ఒక పొరలో 4.7, రెండు పొరల్లో సుమారు 8.5 గిగాబైట్లు పట్టుకుంటుంది. బ్లూరే 25 లేదా 50, 4కె బ్లూరే 50, 66 లేదా 100 గిగాబైట్లు. 4కె డిస్కు నుంచి సమాచారం సెకనుకు వంద మెగాబిట్లు దాటి కూడా రాగలదు, స్ట్రీమింగ్‌లో 4కె సినిమాకు అందేది సాధారణంగా అందులో చిన్న భాగమే. డిస్కు మీద ఉన్నవి అంకెలు. ఆ అంకెలను కన్సోల్ డ్రైవ్ చదివినా, ఖరీదైన ప్లేయర్ చదివినా, సరిగా చదివినంతవరకు విప్పిన తర్వాత వచ్చే బొమ్మ ఒకటే. తేడా వచ్చేది ఆ తర్వాత: రంగుల సమాచారాన్ని తెర కొలతకు పెంచేటప్పుడు, డీవీడీ బొమ్మను 4కెకు సాగదీసేటప్పుడు, హెచ్‌డీఆర్ (వెలుగుకు, చీకటికి మధ్య ఎడాన్ని ఎక్కువగా చూపే పద్ధతి) వెలుగును టీవీ శక్తికి తగ్గట్టు సర్దేటప్పుడు. బ్లూరే, 4కె డిస్కుల విషయంలో మామూలు దూరం నుంచి చూసే వ్యక్తికి ఆ తేడా కనిపించడం కష్టం. డీవీడీల విషయంలో మాత్రం మంచి ప్లేయర్ కొంత మెరుగ్గానే చూపిస్తుంది. అయితే నేటి టీవీలే ఆ సాగదీసే పనిని బాగా చేస్తాయి కనుక, పాత డీవీడీల కోసమే కొత్త ప్లేయర్ కొనమని నేను ఎవరికీ చెప్పను.

మీ మొదటి ఇబ్బంది, అదురు. సినిమాలు దాదాపు అన్నీ సెకనుకు 24 ఫ్రేములతో తీసినవి. కన్సోల్ టీవీకి సెకనుకు 60 బొమ్మలు పంపుతుంటే 24ను 60లో సమానంగా సర్దడం కుదరదు. కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతి ఫ్రేమును మూడుసార్లు, మళ్లీ రెండు, మళ్లీ మూడు, ఇలా చూపిస్తారు. అంటే ఒక ఫ్రేము తెరమీద సెకనులో ముప్ఫయ్యో వంతు, పక్క ఫ్రేము ఇరవయ్యో వంతు నిలుస్తుంది. మనిషి మాట్లాడుతున్న దగ్గరి దృశ్యంలో ఇది తెలియదు. కెమెరా ఒక భవనం వెంట మెల్లగా జరిగినప్పుడు, లేదా చివర్లో పేర్లు పైకి జరుగుతున్నప్పుడు ఆ ఎగుడుదిగుడు నడక కంటికి పట్టేస్తుంది. మీరు అదురు అంటున్నది ఇదే.

దీనికి మందు, సినిమా నడిచేటప్పుడు కన్సోల్ 24 హెర్ట్జ్‌లోనే, అంటే సెకనుకు 24 సార్లే, బొమ్మ పంపేలా చూడడం. ఎక్స్‌బాక్స్‌లో టీవీ, డిస్‌ప్లే సెట్టింగుల కింద వీడియో మోడ్స్‌లో 24 హెర్ట్జ్‌ను అనుమతించే గడి ఒకటి ఉంటుంది, దాన్ని టిక్ చేయాలి. ప్లేస్టేషన్‌లో కూడా వీడియో సెట్టింగుల్లో 24 హెర్ట్జ్‌కు సంబంధించిన అంశం ఉంటే దాన్ని ఆటోమేటిక్‌లో ఉంచండి. ఒక్కో అప్‌డేట్‌తో మెనూలు అటూఇటూ మారుతుంటాయి కాబట్టి, మెనూ పేరుకంటే ఫలితాన్ని నమ్మండి. డిస్కు నడుస్తుండగా టీవీ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే చాలా టీవీలు వస్తున్న సిగ్నల్‌ను తెర మూలలో చూపిస్తాయి. అక్కడ 2160పీ (4కె బొమ్మ కొలత) పక్కన 24 హెర్ట్జ్ అని ఉంటే కన్సోల్ తన పని సరిగా చేస్తున్నట్టే. 60 అని ఉంటే ఇంకా ఎక్కడో అడ్డు ఉన్నట్టు. 24 అని కనిపించి కూడా కదలిక అసహజంగా, సీరియల్‌లా నున్నగా ఉంటే, అది టీవీ తనంతట తాను మధ్య ఫ్రేములు పుట్టించి చేర్చడం వల్ల. టీవీలో మోషన్ పేరుతో ఉండే సెట్టింగును తీసేయండి లేదా బాగా తగ్గించండి. 24 ఫ్రేముల సినిమాలో వేగంగా తిరిగే దృశ్యం కొంత తెగినట్టు ఉండడం సహజమే. అది తీసినవాళ్ల ఎంపిక, దాన్ని ఏ ప్లేయరూ మార్చకూడదు.

ఒక పక్క మాట. డీవీడీల్లో పాల్ పద్ధతిలో (భారత్, యూరప్‌ల పాత టీవీ పద్ధతి) చేసినవి సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తాయి. 24తో తీసిన సినిమాను అందులో కొద్దిగా వేగం పెంచి ఎక్కిస్తారు, కాబట్టి 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లోనే అయిపోతుంది. డిస్కు అట్ట మీద ఉన్న నిడివికి, కన్సోల్ చూపించే నిడివికి తేడా వస్తే ఏదో కోసేశారని అనుకోనక్కరలేదు.

రెండవది, నలుపు బూడిదగా కనిపించడం. దీనికి కారణాలు రెండు మూడు ఉండవచ్చు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి చూసుకోండి. మొట్టమొదట టీవీ సంగతి: కన్సోల్ కలిపిన హెచ్‌డీఎంఐ పోర్టును టీవీ గేమ్ మోడ్‌లో పెట్టి ఉంటుంది. ఆ మోడ్‌లో టీవీ తన ఆలస్యాన్ని తగ్గించుకోవడానికి బొమ్మ మీద చేసే పనుల్లో సగం మానేస్తుంది. గేము మొదలైనప్పుడు తనే గేమ్ మోడ్‌కు వెళ్లే ఏర్పాటు ఉన్న టీవీ అయితే, ప్లేస్టేషన్‌లో ఏఎల్ఎల్ఎం అనే సెట్టింగును ఆటోలో ఉంచితే, సినిమా వేసినప్పుడు టీవీ మళ్లీ మామూలు మోడ్‌కు వస్తుంది. అలా రాకపోతే రిమోట్‌తో మీరే సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కు మార్చాలి. ఈ ఒక్క మార్పుతోనే చాలా ఇళ్లలో ఫిర్యాదు సగం తీరిపోతుంది.

తర్వాతది హెచ్‌డీఆర్. ప్లేస్టేషన్ 5లో హెచ్‌డీఆర్‌ను ఎల్లప్పుడూ ఆన్‌లో పెడితే, హెచ్‌డీఆర్ లేని డీవీడీని, మామూలు బ్లూరేని కూడా అది హెచ్‌డీఆర్ సిగ్నల్‌లో చుట్టి పంపుతుంది. అప్పుడు టీవీ తన వెనుక వెలుగును పూర్తిగా పెంచేస్తుంది, నలుపు తేలిపోతుంది, ముఖాల రంగు కూడా కాస్త పాలిపోయినట్టు ఉంటుంది. దాన్ని ‘సపోర్ట్ ఉన్నప్పుడు మాత్రమే’ అనే ఎంపికకు మార్చండి. ఇక మూడోది రంగుల పరిధి. వీడియోలో నలుపు 16 అనే అంకె దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్ పద్ధతిలో అవి 0, 255. కన్సోల్ ఒక పద్ధతిలో పంపుతుంటే టీవీ మరో పద్ధతిలో అందుకుంటే, ఒకవైపు తప్పితే నలుపు బూడిదవుతుంది, మరోవైపు తప్పితే నీడల్లోని వివరమంతా మసిలో కలిసిపోతుంది. కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్‌ను, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవల్‌ను రెండింటినీ ఆటోలో ఉంచండి. ఆటో కుదరకపోతే రెండూ పరిమిత పరిధిలో ఉండాలి. ఎక్స్‌బాక్స్‌లో అయితే కలర్ స్పేస్‌ను స్టాండర్డ్‌లో ఉంచితే చాలు.

మూడవది శబ్దం. మీ ఫిర్యాదుల్లో ఎక్కువ చిక్కు ఉన్నది ఇక్కడే. సినిమా శబ్ద మిశ్రమంలో మాటలు దాదాపు అన్నీ మధ్య ఛానల్లో, అంటే ఎదుట మధ్యలోని స్పీకరుకు వెళ్లే శబ్దంలో, ఉంటాయి. మీ సౌండ్‌బార్‌కు ఆ మధ్య ఛానల్ మధ్య ఛానల్‌గానే చేరుతోందా, లేక దారిలో ఎక్కడో రెండు ఛానళ్లుగా నలిగి చేరుతోందా అన్నది తేల్చుకోవాలి. కన్సోల్ నుంచి టీవీకి ఒక కేబుల్, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు ఏఆర్‌సీ పోర్టు (టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) ద్వారా మరో కేబుల్, మీ ఇంట్లో ఉన్నది బహుశా ఈ ఏర్పాటే. పాత ఏఆర్‌సీ దారిలో విప్పిన శబ్దం అంటే పీసీఎం రెండు ఛానళ్లే వెళ్లగలదు. బ్లూరేల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో వంటి నష్టం లేని శబ్దాలు అందులో పట్టవు. కాబట్టి ప్లేస్టేషన్ ఏడు ఛానళ్లను విప్పి శుభ్రంగా పంపినా, టీవీ వాటిని రెండుగా కుదించి బార్‌కు ఇస్తుంది. ఆ కుదింపులో మాటలు పక్క శబ్దాల కింద పడిపోతాయి.

టీవీకి, సౌండ్‌బార్‌కు రెండింటికీ ఏఆర్‌సీకి కొత్త రూపమైన ఈఏఆర్‌సీ ఉంటే ఈ గొడవ లేదు, ఆ దారిలో అన్నీ వెళతాయి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో ఈఏఆర్‌సీని ఆన్ చేసి, డిజిటల్ అవుట్‌పుట్‌ను పాస్‌త్రూలో (శబ్దాన్ని మార్చకుండా దాటించే ఎంపిక) పెట్టండి. పాత ఏఆర్‌సీ మాత్రమే ఉంటే రెండు దారులు. సౌండ్‌బార్‌కు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే కన్సోల్‌ను ముందు బార్‌కు కలిపి, అక్కడి నుంచి టీవీకి పంపండి. ఇది సినిమాకు ఉత్తమం. కానీ ఆ బార్ 4కె హెచ్‌డీఆర్‌ను, గేములకు 120 హెర్ట్జ్‌ను దాటించగలదో లేదో దాని పుస్తకంలో చూడాలి. చాలా బార్‌లు 120ని దాటించలేవు, ఇంట్లో గేములాడే పిల్లలు ఆ నష్టాన్ని మొదటి రోజే పట్టేస్తారు. బార్‌కు ఇన్‌పుట్ లేకపోతే, ప్లేస్టేషన్ సౌండ్ సెట్టింగుల్లో ఆడియో ఫార్మాట్ ప్రాధాన్యాన్ని డాల్బీకి మార్చండి. అప్పుడది శబ్దాన్ని ఆరు ఛానళ్ల (5.1) డాల్బీ డిజిటల్‌గా మళ్లీ చుట్టి పంపుతుంది. అది పాత ఏఆర్‌సీలో కూడా వెళుతుంది. కొంత నష్టం ఉన్నా మధ్య ఛానల్ విడిగా నిలుస్తుంది, మాటలు పైకి తేలతాయి. రెండు ఛానళ్ల పీసీఎం కంటే ఇది ఎన్నో విధాల మేలు.

బార్‌లోగాని రిసీవర్‌లోగాని (విడి స్పీకర్లను నడిపే పెట్టె) డాల్బీ అట్మాస్, అంటే పై నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి, ఉంటే మరో మార్పు అవసరం. బ్లూరేలో అట్మాస్ సమాచారం ట్రూహెచ్‌డీ శబ్దంతో పాటు ప్రయాణిస్తుంది. కన్సోల్ దాన్ని విప్పి పీసీఎంగా పంపితే పై నుంచి వినిపించవలసిన శబ్దాల సమాచారం అక్కడే రాలిపోతుంది. విప్పకుండా బిట్‌స్ట్రీమ్‌గా పంపాలి. ప్లేస్టేషన్‌లో ఈ ఎంపిక ప్రధాన సెట్టింగుల్లో వెతికితే దొరకదు. డిస్కు నడుస్తుండగా ఆప్షన్స్ బటన్ నొక్కి, ప్లేయర్ సొంత సెట్టింగుల్లోకి వెళితే ఆడియో ఫార్మాట్ అన్న చోట ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో అయితే డిస్క్, బ్లూరే సెట్టింగుల్లో, శబ్దాన్ని రిసీవరే విప్పేలా అనుమతించే ఎంపిక ఉంటుంది. మార్చిన తర్వాత బార్ ముందున్న చిన్న తెర మీద అట్మాస్ అనో, ట్రూహెచ్‌డీ అనో పేరు కనిపించాలి. పీసీఎం అని కనిపిస్తే ఇంకా కన్సోలే విప్పుతోందని అర్థం.

ఇన్ని చేసినా పేలుళ్లు మరీ పెద్దగా అనిపిస్తే, అది సినిమా మిశ్రమం స్వభావమే. థియేటర్ కోసం సన్నటి గుసగుసకు, పెద్ద ధ్వనికి మధ్య ఎంతో ఎడం ఉంచుతారు. బార్‌లో నైట్ మోడ్, డైలాగ్ లేదా వాయిస్ అనే బటన్లు ఆ ఎడాన్ని తగ్గించడానికే ఉన్నాయి. వాటిని వాడడం చిన్నతనమని కొందరు అనుకుంటారు. పక్క గదిలో పసిపిల్లలు నిద్రపోతున్న ఇంట్లో అది చాలా వివేకమైన పని.

మీ దగ్గర ఉన్న డిస్కులన్నీ కన్సోల్‌లో ఆడతాయా అన్నది తర్వాత చూడాలి. ప్లేస్టేషన్ 4, 5 ఆడియో సీడీలను ఆడవు, కాబట్టి పాత వీసీడీలు ఉంటే వాటికీ అందులో చోటు లేదు. త్రీడీ బ్లూరేలను ప్లేస్టేషన్ 3, 4 ఆడేవి. ప్లేస్టేషన్ 5, సిరీస్ ఎక్స్ ఆడవు. డీవీడీలకు ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా, బ్లూరేలకు ఏ, బీ, సీ అని మూడు ప్రాంతాలుగా విభజించారు. కన్సోల్ ఏ ప్రాంతానిదైతే ఆ ప్రాంతపు డిస్కులే ఆడుతుంది, దాన్ని మెనూలో మార్చే వీలు లేదు. 4కె డిస్కులకు ప్రాంతం గొడవ లేదు. అయితే చాలా 4కె పెట్టెల్లో తోడుగా వచ్చే మామూలు బ్లూరేకు ప్రాంతం ఉండవచ్చు, పరాయి దేశం నుంచి తెప్పించుకునేవారు ఇది గమనించాలి. ఇంట్లో రికార్డు చేసుకున్న డీవీడీలైతే, రికార్డు చేసిన యంత్రంలోనే ఫైనలైజ్ చేసి (వేరే ప్లేయర్లు చదివేలా రికార్డును ముగించి) ఉండాలి, లేకపోతే కన్సోల్ వాటిని ఖాళీ డిస్కులుగానే చూస్తుంది. ఎక్స్‌బాక్స్ అయితే మొదటిసారి డిస్కు పెట్టే ముందు బ్లూరే ప్లేయర్ యాప్‌ను స్టోర్ నుంచి దించుకోవాలి, అందుకు ఇంటర్నెట్ కావాలి.

ఎవరైనా గేములాట రికార్డు చేయడానికి ప్లేస్టేషన్‌లో హెచ్‌డీసీపీని (కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ) ఆపి ఉంచితే సినిమా డిస్కు అసలు మొదలే కాదు. డ్రైవ్ పాడైందనుకుని మెకానిక్ దగ్గరకు పరుగెత్తే ముందు సిస్టమ్ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ కింద ఆ మీటను ఒకసారి చూడండి.

రోజువారీ వాడకంలో కన్సోల్ వెనుకబడేది రిమోట్, చప్పుడు, కరెంటు, ఈ మూడింటిలోనే. చేతిలో గేమ్ కంట్రోలర్ పట్టుకుని సినిమా చూడడం పెద్దవాళ్లకు నచ్చదు. పొరపాటున ఒక బటన్ తగిలితే ఇరవై నిమిషాల సినిమా ముందుకు దూకుతుంది. ప్లేస్టేషన్‌కు ఇన్‌ఫ్రారెడ్ కన్ను లేదు, అది బ్లూటూత్ రిమోట్‌నే వింటుంది, కనుక సోనీ అమ్మే మీడియా రిమోట్ తీసుకోవడమో, హెచ్‌డీఎంఐ డివైస్ లింక్ ఆన్ చేసి టీవీ రిమోట్‌తోనే నడపడమో చేయండి. రెండోదానికి ఖర్చు లేదు, ముందు అది ప్రయత్నించండి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఇన్‌ఫ్రారెడ్ రిమోట్లకు కూడా స్పందిస్తుంది. చప్పుడు విషయానికి వస్తే, డిస్కు పెట్టిన మొదటి నిమిషంలో డ్రైవ్ గట్టిగా తిరగడం మామూలే. సినిమా అంతా ఫ్యాన్ హోరుమంటుంటే అది ధూళి, గాలి ఆడని అల్మారా వల్ల వచ్చేదే. కరెంటు మాత్రం దాచలేని విషయం: మామూలు విడి ప్లేయర్లు చాలావరకు 30 వాట్ల లోపే పనిచేస్తాయి, కన్సోల్ అదే సినిమాకు దానికి రెండు మూడు రెట్లు తీసుకుంటుంది. వారానికి ఒకటి రెండు సినిమాలు చూసే ఇంటికి ఇది లెక్కలోకి రాదు. రోజంతా ఏదో ఒక డిస్కు ఆడే ఇంటికి వస్తుంది.

డిస్కు తిరుగుతుండగా కన్సోల్‌ను కదపవద్దు, నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా పడుకోబెట్టవద్దు. డిస్కు మీద గుండ్రటి గీత పడితే ఇక బాగుపడదు. బ్లూరేలో సమాచారం ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో అది 0.6. బ్లూరే మీద గట్టి పూత ఉంటుంది కాబట్టి గీతలకు బాగానే తట్టుకుంటుంది కానీ, వేలిముద్రల నూనెకు అది మరింత సున్నితం. మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు. 4కె డిస్కు ఒకే చోట ఆగిపోతుంటే ముందు దాన్ని తుడిచి చూడండి. మూడు పొరల డిస్కుల్లో పొర మారే చోట చిన్న మరక చాలు ఆగడానికి.

ఇక విడి ప్లేయర్ ఎప్పుడు కొనాలి? మీ టీవీకి డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ పద్ధతి ఉండి, మీ 4కె డిస్కుల్లో చాలావాటి మీద ఆ గుర్తు ఉంటే, అది గట్టి కారణం. ప్లేస్టేషన్ 5 గాని, సిరీస్ ఎక్స్ గాని డిస్కు నుంచి డాల్బీ విజన్ ఇవ్వవు. స్ట్రీమింగ్‌లో, గేముల్లో ఎక్స్‌బాక్స్ ఇస్తుంది కాబట్టి డిస్కుకూ ఇస్తుందని చాలామంది పొరబడతారు. అయితే ఆ డిస్కులు కన్సోల్‌లో ఆడవని కాదు. ప్రతి 4కె హెచ్‌డీఆర్ డిస్కులోనూ హెచ్‌డీఆర్10 పునాదిగా ఉంటుంది, కన్సోల్ దాన్ని చూపిస్తుంది. హెచ్‌డీఆర్10 సినిమా మొత్తానికి ఒకే వెలుగు లెక్క చెబుతుంది, డాల్బీ విజన్ దృశ్యం దృశ్యానికి చెబుతుంది. బాగా వెలుగునిచ్చే ఖరీదైన టీవీలో ఈ తేడా తక్కువ, వెలుగు తక్కువగా ఉన్న మధ్యస్థ టీవీలోనే ఎక్కువగా తెలుస్తుంది. మీ టీవీ రెండో రకం అయితే పానాసోనిక్ యూబీ820 వంటి ప్లేయర్ ఇచ్చే ఫలితం కంటికి కనిపిస్తుంది. హెచ్‌డీఆర్ వెలుగును టీవీ రకానికి తగ్గట్టు ముందే సర్ది పంపే సౌకర్యం దానికి ఉంది, కన్సోళ్లలో సినిమా డిస్కులకు అంతటి సర్దుబాటు లేదు. త్రీడీ డిస్కులు, ఆడియో సీడీలు ఎక్కువగా ఉన్నవారికి, గేములాడేవారికీ సినిమా చూసేవారికీ సాయంత్రం ఒకే పెట్టె కోసం తగువు పడే ఇళ్లకు కూడా విడి ప్లేయర్ సమంజసమే.

కొనే ఉద్దేశం ఉంటే మరీ ఏళ్లు వాయిదా వేయవద్దని కూడా చెప్పాలి. మంచి ప్లేయర్లకు పేరుపడ్డ ఒప్పో 2018లో ఈ రంగం వదిలేసింది, 2019లో శాంసంగ్ కొత్త బ్లూరే ప్లేయర్ల తయారీ మానుకుంటున్నట్టు తెలిపింది, తర్వాత ఎల్‌జీ కూడా తప్పుకుంది. మిగిలినవి కొన్ని పేర్లే. కన్సోళ్లదీ ఇదే దారి: 2023లో వచ్చిన సన్నటి ప్లేస్టేషన్ 5లో డ్రైవ్ ఊడదీసి బిగించేదిగా మారింది, 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డ్రైవ్ పెట్టెలో రానే రాదు, విడిగా కొనాలి. ఆ విడి డ్రైవ్‌ను బిగించిన తర్వాత మొదటిసారి కన్సోల్‌కు జత చేయడానికి ఇంటర్నెట్ ఉండాలి. పాత తరం కన్సోళ్లలో లోపలి డ్రైవ్ ఆ కన్సోల్ బోర్డుకే కట్టుబడి ఉంటుంది, ఇంకో కన్సోల్ నుంచి తీసిన డ్రైవ్ పెడితే డిస్కులు చదవదు. కనుక సినిమాల కోసం పాతసరుకు కన్సోల్ కొనేవారు బేరం కుదిరే ముందే ఒక 4కె డిస్కును, ఒక డీవీడీని అందులో వేయించి, కనీసం పది నిమిషాలు నడిపించి, మధ్యలోనుంచి చివరి అధ్యాయానికి దూకించి కూడా చూడాలి. నీలి లేజరు, ఎర్ర లేజరు వేరువేరు కాబట్టి ఒకటి ఆడి మరొకటి ఆడకపోవడం జరుగుతుంది.

మీ విషయంలో ఈ వారం 24 హెర్ట్జ్, టీవీ మోడ్, హెచ్‌డీఆర్, శబ్దం దారి ఈ వరుసలోనే మార్చి, ప్రతి మార్పు తర్వాత మీకు ఇబ్బంది కలిగించిన అదే దృశ్యాన్ని మళ్లీ వేసి చూడండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. ఆ తర్వాత కూడా నలుపు విషయంలో తృప్తి లేకపోతే టీవీ మోడల్ పేరు, సౌండ్‌బార్ మోడల్ పేరు, డిస్కు నడుస్తున్నప్పుడు ఇన్ఫో బటన్‌కు తెరమీద వచ్చిన వివరం రాయండి.